ఊటల తరఫు మనిషి

ఐన్ రీహాన్,
1974 నవంబరు 12

తమ్ముడు లజహర్‌కు అక్క దీవెనలు.

అల్లా దయవల్ల అందరం బాగున్నాం. మీ బావ బెల్గాసెమ్‌కి మాత్రం ఖర్జూరాల కోతలో నడుం పట్టేసింది. చెట్టెక్కవద్దని చెప్పాను. ఎక్కాడు. దిగిన దగ్గర్నుంచీ గోడ పట్టుకుని నడుస్తున్నాడు.

నువ్వు జాతీయ సభకు గెలిచావని తెలిసిన రోజు ఇక్కడ మగవాళ్ళు తుపాకులు పేల్చారు. కాఫీకొట్టు మస్ఊద్ పేపర్లోంచి నీ ఫోటో కత్తిరించి గోడకి అంటించాడు. అందులో నీకు మెడ కనబడటం లేదు. ఆ కాలరేమిటిరా, ఊపిరాడుతోందా నీకు?

మన నాన్న పంటలో ఐదోవంతుకి పాలికాపుగా ఊళ్ళోవాళ్ళ తోటల్లో పనిచేసి, తనదంటూ ఒక్క చెట్టు లేకుండానే పోయాడు. నీటి వంతులు పంచే నీరటి మిస్బాహ్ మామ ఆ మాటే ఎత్తాడు. "సొంత చెట్టు లేనివాడి కొడుకు, ఇప్పుడు చెట్లన్నిటి తరఫునా మాట్లాడతాడు చూడండి" అన్నాడు. ఆయన నోట మెచ్చుకోలు వినడం నాకిదే మొదలు.

నీ 'ఐదోవంతు' నవల మళ్ళీ చదివాను. నువ్వు మసీదు బడికి వెళ్తుంటే నీ వెనకాల కూచుని నేర్చుకున్న అక్షరాలు ఇందుకైనా పనికొస్తున్నాయి. అందులో అక్కని ఎందుకు చంపావురా? పక్కింటి మహ్‌బూబా ఆ అక్క తనేనని ఊరంతా చెప్పుకుంటోంది. బతికుండగానే పరామర్శలు అందుకుంటోంది. ఆ అక్కని నేనని చెప్పలేక, కాదని చెప్పలేక చస్తున్నాను.

ఇంకో సంగతి. ఊటల గుంటకి తూర్పున బోరు బళ్ళు దిగాయి. ఏదో కంపెనీ అట. కొత్త తోట వేసి, ఖర్జూరాలు ఓడలకెక్కిస్తారట. మీ బావ "మనవాడు అక్కడున్నాడుగా, భయమెందుకు" అంటున్నాడు. నాకెందుకో ఆ చప్పుడు బాగాలేదు.

గంపలో దెగ్లా రకం ఖర్జూరాలు పంపుతున్నాను. మరదలు దలీలాకి సగం ఇవ్వు. అన్నీ నువ్వే తినకు.

నీ అక్క,
సాల్హా


ట్యూనిస్,
1974 డిసెంబరు 3

అక్కా,

గంప చేరింది. సగం దలీలాకి ఇచ్చాను. తన సగం తిన్నాక నా సగంలోనూ చెయ్యి పెట్టింది. ఆ కాలరు ఆవిడ ఎంపికే. నిజంగానే ఊపిరాడదు. సభలో అందరూ అలాంటివే వేసుకుంటారు, అందుకే కాబోలు ఎవరూ ఎక్కువసేపు మాట్లాడరు.

అక్కని చంపిన సంగతి అడిగావు. ఆ నవల రాసేటప్పుడు నేను ఫ్రెంచివాళ్ళ జైల్లో ఉన్నాను. బయట నువ్వెలా ఉన్నావో తెలియదు. నెలల తరబడి కబురు లేదు. నేను భయపడ్డదంతా కాగితం మీద జరిగిపోతే ఇక నిజంగా జరగదని ఎందుకో అనుకున్నాను. పిచ్చి ఆలోచనే. కానీ నువ్వు బతికే ఉన్నావు కదా. మహ్‌బూబా పరామర్శలు తీసుకుంటే తీసుకోనీ.

సభలో నా పక్కన ఉత్తరాది గోధుమ రైతు ఒకాయన కూచుంటాడు. మంచివాడు, కూచోగానే నిద్రపోతాడు. నేనింకా నోరు విప్పలేదు. నవల్లో ఒక మనిషి చేత నోరు విప్పించడానికి నాకు చాలా పేజీలు పడతాయి, నీకు తెలుసుగా.

బోర్ల సంగతి సంబంధించిన అధికారిని అడిగాను. లోపలి నీరు వేరు, ఊటనీరు వేరు అన్నాడు. మేడ మీద అద్దెకున్నవాళ్ళకీ కింద అద్దెకున్నవాళ్ళకీ సంబంధం లేనట్టే అట. అతను చెప్పింది అర్థమైంది. నమ్మకం మాత్రం కుదరలేదు. నువ్వు గుంట దగ్గరికి వెళ్ళినప్పుడల్లా కాస్త చూసి రాస్తూ ఉండు.

బావని చెట్టెక్కనివ్వకు. నా మాటగా చెప్పు.

లజహర్


ఐన్ రీహాన్,
1975 అక్టోబరు 20

లజహర్‌కు,

నిన్న సాయంత్రం మస్ఊద్ కాఫీకొట్లో రేడియో పెట్టారు. మీ బావ అక్కడే ఉన్నాడు. నీ పేరు చెప్పగానే అందరూ గ్లాసులు కింద పెట్టారట. నీ గొంతు వినబడింది. "దక్షిణాదికి బోర్లు కావాలి" అన్నావు. అంతే. తరవాత వాతావరణం చెప్పారు.

మీ బావ ఇంటికొచ్చి చెప్పులు విప్పి, అన్నం వద్దన్నాడు. ఏమైందని అడిగితే "మీ తమ్ముడు మాట్లాడాడు" అన్నాడు. అంతకంటే ఒక్క ముక్క చెప్పలేదు. మిగతాది పొద్దున్న మహ్‌బూబా చెప్పింది. "ఇన్నాళ్ళూ కథలు రాశాడు, ఇప్పుడు కథలు చెబుతున్నాడమ్మా మీ వాడు" అంది. మస్ఊద్ ఫోటో పీకేశాడు. గోడ మీద జిగురు మచ్చ మిగిలింది.

ఇక్కడి సంగతి విను. వేసవిలో గుంటలో నీళ్ళు తగ్గాయి. సరే, వేసవి కదా అనుకున్నాం. ఎండ తగ్గినా నీళ్ళు పెరగలేదు. మేం ఉన్ని ఉతికే చోట అడుగు రాళ్ళు బయటపడ్డాయి. వాటిని మా అత్తగారు కూడా ఎప్పుడూ చూడలేదట. తూర్పు వైపు కాలవ కింది తోటల్లో దానిమ్మ చెట్లు ఎండిపోతున్నాయి. నీటి వంతుల దగ్గర అన్నదమ్ములు కొట్టుకుంటున్నారు. మిస్బాహ్ మామ పొద్దస్తమానం తగువులు తీరుస్తూ గొంతు పోగొట్టుకున్నాడు.

నీకు తెలియకపోతే అది వేరు. నేను రాస్తూనే ఉన్నాను కదా. తెలిసీ ఆ మాటెలా అన్నావు?

ఈ ఏడు ఖర్జూరాలు పంపడం లేదు.

సాల్హా


ట్యూనిస్,
1975 అక్టోబరు 22

అక్కా,

కోతలు మొదలయ్యాయా? గంప కోసం దలీలా రోజూ బస్సు కార్యాలయానికి మనిషిని పంపుతోంది. ఈసారి నా సగం దాచుకోవడానికి అలమారకి తాళం చేయించాను.

మొన్న సభలో మొదటిసారి మాట్లాడాను. భయమేసింది. జైల్లో ఇన్‌స్పెక్టరు ముందు కూడా అంత భయపడలేదు. పక్కన గోధుమ రైతు నిద్రలేచి విన్నాడు, అదే నాకు పెద్ద బహుమతి.

నువ్వూ బావా నాకో సాయం చెయ్యాలి. మిస్బాహ్ మామనీ, ముసలివాళ్ళనీ అడగండి. ఇదివరకు ఎప్పుడైనా ఊటలు ఇలా తగ్గాయా? ఇప్పుడు ముందు ఏవి తగ్గాయి, తరవాత ఏవి? నాకు ఇంజనీర్ల మాటలు చాలు. మనవాళ్ళ మాటలు కావాలి.

నవల పక్కన పెట్టేశాను. రాస్తున్నప్పుడు కూడా ఊటల చప్పుడే వినిపిస్తోంది.

లజహర్


ఐన్ రీహాన్,
1975 నవంబరు 4

లజహర్‌కు,

నేనలా రాస్తే నువ్వు అలమారకి తాళం చేయించానని రాస్తావా? ఎగతాళికైనా ఒక హద్దుండాలి.

నీ ఉత్తరం పొయ్యిలో పెడదామనుకున్నాను. మీ బావ లాక్కున్నాడు. "వాడు నీళ్ళ గురించి అడిగాడు. నీళ్ళ గురించి అడిగినవాడికి చెప్పకుండా ఉండటం తప్పు. వాడెవడైనా సరే" అన్నాడు. ఆయన్నీ మిస్బాహ్ మామనీ కూచోబెట్టి అడిగితే ఇలా చెప్పారు.

ఇదివరకు ఎప్పుడూ తగ్గలేదు. ఫ్రెంచివాళ్ళ కాలంలో, మిడతలొచ్చిన ఏడు కూడా తగ్గలేదు. ఇప్పుడు ముందు పోయింది తూర్పు ఊటలు, బోరుకి దగ్గరున్నవి. తరవాత మధ్యవి. పడమటివి ఇంకా పారుతున్నాయి. బోరు ఆపి మరమ్మత్తు చేసుకున్న రోజుల్లో మధ్య ఊటలు మళ్ళీ కాస్త పొంగాయి.

"మేడ మీదా కిందా అద్దెకున్నవాళ్ళని చెప్పినాయన్ని ఒకసారి రమ్మను, నిచ్చెన నేను చూపిస్తా" అన్నాడు మిస్బాహ్ మామ.

మిగతాది నీకు కావాలంటే వచ్చి చూసుకో. కార్లో కాదు, కాళ్ళతో.

సాల్హా


ట్యూనిస్,
1975 డిసెంబరు 1

అక్కా,

వచ్చాను. కాళ్ళతోనే వచ్చాను. తోజర్‌లో బస్సు దిగి, మిగతా దారి గాడిదబండి మీదా నడిచీ చేరాను. నీ తలుపుకి తాళం ఉంది. నేనొస్తున్నట్టు కార్డు రాశాను కాబట్టి ఆ తాళం నాకోసమే వేశావని అర్థమైంది. కోపం రాలేదని చెప్పను.

బావ తోటలో కలిశాడు. మాట్లాడలేదు, కానీ నా ముందు నడిచాడు. ఆ నడకకి అర్థం నాకు తెలుసు. గుంటంతా తిరిగాం. తూర్పు ఊటల దగ్గర ఇసకలో చెయ్యి పెట్టాను, పొడిగా ఉంది. చిన్నప్పుడు ఆ చోట నువ్వు నన్ను మెడదాకా ముంచి తల రుద్దేదానివి.

మస్ఊద్ కొట్టు ముందు కూచున్నవాళ్ళు నన్ను చూసి కుర్చీలు అటు తిప్పుకున్నారు. నీరా తీసే ముసలాయన ఒక్కడే పలకరించి ఒక గ్లాసు ఇచ్చాడు. ఆయనకి చెవుడు. రేడియో విని ఉండడు.

రేడియో సంగతి నీ ఉత్తరం చూశాకే తెలిసింది, అలమార తాళం గురించి రాసినప్పటికి అది నాకింకా చేరలేదు. నేను సభలో అన్నవి రెండు మాటలు. "దక్షిణాదికి బోర్లు కావాలి, కానీ ఊటల నోట్లో మట్టి కొట్టే బోర్లు వద్దు." రేడియోలో మొదటిది వినిపించారు. ఇలా రాస్తే సంజాయిషీలా ఉంటుందని తెలుసు. నిజం మాత్రం ఇదే.

లజహర్


ఐన్ రీహాన్,
1975 డిసెంబరు 15

తమ్ముడూ,

కార్డు రాలేదు. నేను గఫ్సాలో ఉన్నాను, అమ్మాయి పురుటికి వెళ్ళాను. మగపిల్లాడు. తల్లీ పిల్లాడూ క్షేమం. నేను లేనప్పుడు చూసి వచ్చావని ఇక్కడివాళ్ళు అంటే నేనూ నమ్మాను. నీ ఉత్తరం చూశాక, ఇద్దరం ఒకే తాళం చూసి చెరోరకంగా ఏడ్చామని తెలిసింది.

నీ రెండో మాట నేను నమ్ముతున్నాను. నేను నీ అక్కని కాబట్టి నమ్ముతున్నాను. ఊరికి ఆ మాట ఎవరు చెబుతారు? నేను చెప్పబోతే మస్ఊద్ "రెండో మాట నువ్వు కుట్టి అతికిస్తున్నావు వదినా" అన్నాడు. మహ్‌బూబా నవ్వింది.

కథల్లో నీ గొంతు చాలా పెద్దది. చదివితే వీధి చివరిదాకా వినబడుతుంది. సభలో ఎందుకంత చిన్నదైపోయింది? రెండో మాటని మొదటిదానికంటే గట్టిగా చెప్పలేవా?

పిల్లాడికి నాన్న పేరు పెట్టారు.

సాల్హా


ఐన్ రీహాన్,
1976 మే 10

లజహర్‌కు,

అప్పటి నుంచీ ఒక్క ఉత్తరం లేదు. మనవడు పుట్టినందుకైనా రెండు ముక్కలు రాయలేదు.

ఇక్కడ బోరు బళ్ళు వెళ్ళిపోతున్నాయి. మీ బావ వెళ్ళి చూసొచ్చాడు. గొట్టాలు పీకి లారీలకెక్కిస్తున్నారట. ఉప్పు మైదానానికి అవతల వేసుకోమని పైనుంచి ఉత్తర్వు వచ్చిందట. జిల్లా నుంచి ఒక పెద్దమనిషి వచ్చి ఊటల దగ్గర మాట్లాడాడు. గొర్రెని కోసి కుస్కుసు పెట్టాం. అందరూ ఆయన చేతులు పట్టుకున్నారు. ఆయన "కృతజ్ఞతలు ఎందుకు, ఇది మా ధర్మం" అన్నాడు. అయితే కాబోలనుకున్నాం.

నువ్వు మంత్రివి అవుతున్నావని తోజర్ సంతలో చెప్పుకుంటున్నారు. అయితే సంతోషం. ఉత్తరాలు రాయడానికి తీరిక ఉండదు మరి.

సాల్హా


ఐన్ రీహాన్,
1976 జూన్ 2

నాయనా లజహర్,

పై ఉత్తరం ట్యూనిస్ నుంచి తిరిగొచ్చింది. ఆ ఇంట్లో ఆ పేరుగలవాళ్ళు లేరని రాసుంది. మంత్రి బంగళాకి మారావనుకుని ఇంకా మండిపడ్డాను. ఈ రెండూ కలిపి పంపుతున్నాను. ఎందుకో చదువు.

నిన్న బోరు మేస్త్రీ మా గుమ్మంలోకొచ్చాడు. చివరి లారీ వెళ్ళిపోతోందట, తాగడానికి నీళ్ళడిగాడు. స్ఫాక్స్ మనిషి, పేరు నూరీ. కూజా ఇచ్చాను. తాగి, గూట్లో ఉన్న నీ 'ఐదోవంతు' పుస్తకం చూసి, "నవలలు రాసే ఆయన మీకేమవుతాడు?" అన్నాడు.

"తమ్ముడు" అన్నాను, ఏం తిడతాడో తిట్టనీ అని.

"మా కంపెనీ కొంప ముంచింది ఆయనే కదమ్మా."

"ఏమిటీ?"

"నేను జుట్టు నల్లగా ఉన్నప్పట్నుంచీ బోర్లు వేస్తున్నాను. నీళ్ళు పడ్డ బోరుని పీకించిన మనిషిని ఇప్పుడే చూశా. చలికాలమంతా మావాళ్ళని నిద్రపోనివ్వలేదు. ఊరుకుంటే మంత్రిని చేస్తామన్నారు. ఊరుకోలేదు. సభలో లేచి నిలబడ్డాడు, కూచోమంటే కూచోలేదు. బోరు పక్కకి జరిగింది, ఆయన కుర్చీ పోయింది. పార్టీ పోయింది, ఇల్లు పోయింది. బడిపుస్తకాల్లోంచి ఆయన పాఠం తీసేశారు."

కూజా అందుకుని పక్కన పెట్టాను.

"ఇప్పుడెక్కడున్నాడు?" అన్నాను.

"మా ఊళ్ళోనే. మా అన్న కూతురికి వ్యాకరణం చెబుతున్నాడు, ఒక చిన్న ప్రైవేటు బళ్ళో. మీకు తెలియదా?" అన్నాడు. సొంత అక్కకి తెలియనిది ఊళ్ళు తిరిగే మేస్త్రీకి తెలుసు. నా మొహం చూసి ఆయనే తల దించుకున్నాడు. "నా పని పోగొట్టినవాడే. కానీ మా ఊరి కోసం అలా నిలబడేవాడు ఒక్కడుంటే మా స్ఫాక్స్ వేరేగా ఉండేదమ్మా" అన్నాడు.

ఈ ఉత్తరాలు ఆయన చేతికే ఇస్తున్నాను. నీకు దణ్ణం పెడతాను, నిజం రాయి. ఎందుకు చెప్పలేదు? నా మీద కోపమా?

నీ అక్క


స్ఫాక్స్,
1976 జూన్ 20

అక్కా,

నూరీ మేస్త్రీ బడికొచ్చి ఉత్తరాలిచ్చి, టీ తాగి వెళ్ళాడు. మేమిద్దరం శత్రువులుగా ఉండటానికి కాసేపు ప్రయత్నించి మానేశాం.

నీ మీద కోపం లేదు. నీ మాట పట్టుకునే లేచాను. "రెండో మాటని గట్టిగా చెప్పలేవా" అన్నావు. ఫిబ్రవరిలో చెప్పాను. మొదట మిస్బాహ్ మామ చెప్పినదంతా చెప్పాను, ఏ ఊట ముందు పోయింది, బోరు ఆగితే ఏది పొంగింది. వెనక నుంచి ఎవరో "నవలాకారుడి కన్నీళ్ళు" అన్నారు. నవ్వులు. అప్పుడు నాన్న గురించి చెప్పాను. మన తోట కాదు, మన చెట్టు కాదు. అయినా నీటి వంతు వచ్చిన రోజు నాన్న చేతులూ కాళ్ళూ కడుక్కుని గానీ కాలవ గండి తీసేవాడు కాదు. ఎందుకని అడిగితే "పెద్దవాళ్ళింటికి వెళ్తూ మట్టికాళ్ళతో వెళ్తామా" అనేవాడు. అక్కడితో ఆగిపోయాను. నా పక్కన గోధుమ రైతు లేచి, "ఆ ఊట ఇంకా ఉందా?" అని అడిగాడు. ఆయన సభలో మాట్లాడటం ఎవరూ ఎప్పుడూ వినలేదు. "సగం ఉంది" అన్నాను. "అయితే నేనూ ఈయనతో ఉన్నాను" అన్నాడు. తరవాత ఇంకొకరు లేచారు. మళ్ళీ పరీక్షించాల్సిందే అని తీర్మానమైంది.

మంత్రి పదవి ఇస్తామన్నది నిజమే. దలీలాని అడిగాను. "ఆ పెద్ద ఇంట్లో కిటికీలు ఎవరు తుడుస్తారు" అంది. ఆమె ఇక్కడ బట్టలు కుడుతోంది. పిల్లలు నన్ను మాస్టారూ అంటున్నారు. ప్రతినిధిగారూ అనడం కంటే ఇదే చెవికి బాగుంది. నవల మళ్ళీ కదిలింది. ఇందులో అక్క చావదు, చాలా మాట్లాడుతుంది.

ఎందుకు చెప్పలేదంటావా? మనవాళ్ళు ఆ నీళ్ళు తాగేటప్పుడు ఎవరినీ తలుచుకోవలసిన పని ఉండకూడదక్కా. నాన్న ఆ నీళ్ళకి తోట యజమానికి జీవితమంతా సలాములు పెట్టాడు. ఆ చోట ఇప్పుడు నా పేరు పెట్టడానికి నాకు మనసొప్పలేదు. ఊళ్ళో చెప్పకు.

ఒకటి మాత్రం బావకి చెప్పు. వాళ్ళు మళ్ళీ వస్తారు. ఈ ఏడు కాకపోతే ఇంకో ఏడు. గుంట మీద కన్నేసి ఉంచండి.

మనవడికి ముద్దులు. వాడి కోసం కొన్న టోపీ ఇల్లు మారడంలో పోయింది.

లజహర్


ఐన్ రీహాన్,
1976 నవంబరు 2

తమ్ముడూ,

చెప్పవద్దన్నావు. నీ ఉత్తరం చేరిన రోజే సంతలో నిలబడి చెప్పాను. నీ మాట విని నోరు మూసుకోవడం మన ఇంటా వంటా లేదు.

చెబితే ఏమైందనుకున్నావు? ఏమీ కాలేదు. మస్ఊద్ గ్లాసులు కడుగుతూనే ఉన్నాడు. మహ్‌బూబా గొంగడి దులుపుతూనే ఉంది. వేసవంతా అదే తంతు. నేను బజారులోకి వెళితే దారిస్తారు, మాట్లాడరు. నాకు ఒళ్ళు మండింది. ఇంత రాతిగుండెలా ఈ జనానికి అని మీ బావ మీద అరిచాను. ఆయన "సిగ్గుపడుతున్నారే, కాస్త టైమియ్యి" అన్నాడు.

మొన్న శుక్రవారం ప్రార్థన అయ్యాక మసీదు ముందు మగవాళ్ళు కూచున్నారు. ఊటల పూడిక తీసే పనికి మనుషుల్ని పంచుకునే రోజు. నేను గోడ ఇవతల ఉన్ని వడుకుతున్నాను, అంతా వినబడింది.

మస్ఊద్ మొదలెట్టాడు. "లజహర్‌ని పిలిచి సన్మానం చెయ్యాలి. శాలువా కప్పుదాం, ఉపన్యాసం చెప్పిద్దాం."

"కాఫీ అమ్ముకుందామనా?" అన్నారెవరో. నవ్వారు.

"గుంట దగ్గర రాయి పాతి పేరు చెక్కిద్దాం" అన్నాడు ఇంకొకడు.

అప్పుడు మిస్బాహ్ మామ నోరు విప్పాడు. ఆయన గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "రాయి చచ్చినవాడికి. సన్మానం చుట్టానికి. వాడు చుట్టమా?" అన్నాడు. మళ్ళీ ఆయనే, "వాళ్ళ నాన్న పోయాక తూర్పు ఊట దగ్గర పూడిక తీసే ఆ ఇంటి వంతు పని అలాగే పడుంది. ఎవరికీ ఇవ్వలేదు నేను. వాడికి పార ఇవ్వండి" అన్నాడు.

తూర్పు ఊట మళ్ళీ చెమ్మగిల్లింది. పారడం లేదు, కానీ చెయ్యి పెడితే తడి తగులుతోంది. పూడిక తీస్తే వస్తుందో రాదో చూడాలంటున్నారు. పని వచ్చే వారం గురువారం నుంచి. రమ్మని ఎవరూ బతిమాలరు. నీ పేరు చదివారు, అందరి పేర్లూ చదివినట్టే. నువ్వు రాకపోతే ఆ చోట ఖాళీగా ఉంటుంది, అంతే.

మీ బావ నీ కోసం పార పదును పెడుతున్నాడు. ఆ చప్పుడు మధ్యే రాస్తున్నాను.

సాల్హా


స్ఫాక్స్,
1976 నవంబరు 6

అక్కా,

ఉత్తరం తరగతిలో ఉండగా వచ్చింది. చదివి, పిల్లల్ని ముందుగా ఇంటికి పంపేశాను. వాళ్ళు నాకేదో అయిందనుకుని వెనక్కి వెనక్కి చూస్తూ వెళ్ళారు.

నన్ను సభకి పంపినప్పుడు చాలామంది కౌగిలించుకున్నారు. నవలకి బహుమతి ఇచ్చినప్పుడు చప్పట్లు కొట్టారు. నా పేరుని మిగతా పేర్ల మధ్య, ఏ గౌరవమూ లేకుండా, ఊరికే చదవడం ఇదే మొదటిసారి.

బళ్ళో సెలవు అడిగాను, ఇచ్చారు. దలీలా కూడా వస్తానంటోంది. బుధవారం బస్సుకి బయలుదేరుతున్నాం.

పార పట్టి చాలా ఏళ్ళయింది. చేతులు బొబ్బలెక్కుతాయి, నడుం పట్టేస్తుంది, ఇసక పక్కవాడి మీద పడుతుంది. అందరూ నవ్వుతారు. నువ్వు అడ్డు రాకు, నవ్వనీ.

లజహర్